అభిప్రాయం లేని అభ్యర్థి

ఎన్నికల సర్వే కోసం నేను తొక్కిన గడపల్లో ముఖం మీదే తలుపేసినవి ఎక్కువ. ఆ అమ్మాయి మాత్రం కుర్చీ వేసి మరీ కూర్చోబెట్టింది. పార్లమెంటుకు పోటీ చేస్తున్న ఫుట్‌పాత్ పార్టీకి అధ్యక్షురాలు, అభ్యర్థి, పోస్టర్లు అంటించే మనిషి అన్నీ తనే. పార్టీ ఆఫీసు వాళ్ళమ్మ కుట్టుమిషను గది.

పన్నుల గురించి అడిగాను.

"మా పార్టీకి అభిప్రాయం లేదండి" అంది.

ఉద్యోగాల గురించీ, ధరల గురించీ అడిగినా అదే జవాబు. నాకు ఒళ్ళు మండింది. ఇలాంటి పార్టీకి ఓటెందుకు వేయాలన్నాను.

"రోడ్డు మీదికి దిగకుండా బస్టాపు దాకా వెళ్ళిరండి, చెప్తాను."

వెళ్ళాను. ఫుట్‌పాత్ నిండా కార్లు, ఇసుక కుప్పలు, ఫ్లెక్సీలు. దిగక తప్పలేదు. దిగగానే ఓ స్కూటరు నన్ను రాసుకుంటూ పోయింది. తిరిగొచ్చేసరికి తను నవ్వు ఆపుకుంటోంది. మిషను దగ్గరున్న వాళ్ళమ్మ నవ్వలేదు. ఆవిడ్ని కారు గుద్దింది అక్కడేనట. చేతికర్ర వచ్చింది కానీ, మళ్ళీ గుమ్మం దాటే ధైర్యం రాలేదు.

ఆ తర్వాత ఏదో ఒక వంకతో వెళ్తూనే ఉన్నాను. సినిమాల మీదా, కాఫీ మీదా కూడా తనకు అభిప్రాయం లేదు. కాఫీ మాత్రం రెండు కప్పులు తెచ్చేది. ఓ వాన సాయంత్రం వసారాలో ధైర్యం చేశాను.

"పోనీ, నా మీద?"

లోపల మిషను చప్పుడు ఆగింది.

"పార్టీ ఉన్నంతవరకూ మాకు ఒకటే విషయమండి" అంది, వాన వైపు చూస్తూ.

మా సర్వే అచ్చయింది. పెద్ద పార్టీలు రెండింటికీ మధ్య తేడా వెంట్రుకవాసి. అంతకన్నా ఎక్కువ ఓట్లు తనకున్నాయి. మర్నాడే ఆ రెండు పార్టీల మనుషులూ వచ్చి, ఫుట్‌పాత్ మీదే కార్లు ఆపి, తను పోటీ నుంచి తప్పుకుంటే ఫుట్‌పాత్‌లు ఖాళీ చేయించే హామీ తమ మేనిఫెస్టోలో పెడతామన్నారు. ఈ వీధిలో అడ్డంగా ఉన్నవన్నీ మీ రెండు పార్టీలవాళ్ళవే, ముందు అవి తీయించండి అంది తను. పోటీలు పడి తీయించారు. తను నామినేషన్ వెనక్కి తీసుకుంది.

ఇక నాకు వెళ్ళడానికి వంక లేదు. చివరిసారి చూసొద్దామని బస్సు దిగాను. ఖాళీ ఫుట్‌పాత్ మీద తల్లీకూతుళ్ళు ఎదురొచ్చారు. ఆవిడ చేతికర్రతో నెమ్మదిగా, తలెత్తుకుని నడుస్తోంది.

"పార్టీ మూసేశాను. మిగిలిన ప్రశ్నలు అడగండి" అంది తను.

తడబడి పన్నుల దగ్గర మొదలుపెట్టాను.

"పన్నుల సంగతి తర్వాత బాబూ" అంది వాళ్ళమ్మ. "ఆ వానలో అడిగావే, అది అడుగు. దానికోసం మిషను ఆపుకుని కూర్చున్నాను."

అడిగాను.

"ఉందండి" అంది.