బంకు కాడ మేలుకునే రేడియో

ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు వచ్చే దారిలో ఒక పెట్రోల్ బంకు మూతపడి ఉంది. పంపులు ఎప్పుడో ఊడదీసుకుపోయారు. రేకుల పందిరి, దాని వెనక తలుపు లేని గది మాత్రం మిగిలాయి. రాత్రి ఎనిమిది దాటితే అక్కడ ఎవరూ బండి ఆపరు. టైరు పంక్చరైనా సరే, రిమ్ము మీదే ఇంకో కిలోమీటరు పోతారు.

పద్దెనిమిది నెలల కిందట ఆ బంకు ముందర, అన్న కోసం నిలబడిన ఒక మనిషిని లారీ గుద్దింది. పేరు శ్రీకృష్ణ. అతను ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడంటారు... వచ్చే పోయే బండ్లలోకి తొంగి చూస్తాడంటారు.

నేను ఆత్మకూరులో కార్లకు స్టీరియోలు బిగిస్తాను. సొంత షాపు, పెట్టి పదకొండు నెలలు. ఇట్లాంటి మాటలు విని నవ్వేసేదాన్ని — శ్రీకృష్ణ అన్న రత్తయ్య తన అంబాసిడర్‌ను నా షాపు ముందర ఆపేదాకా.

"ఇందూ, ఆ షట్టరు సగం దించు," అన్నాడు లోపలికొస్తూనే.

అది తొంభై నాలుగు నాటి బండి. అన్నదమ్ములిద్దరూ కలిసి కొనుక్కుని, ఉదయగిరి జనాన్ని ఏఎస్ పేట దర్గాకు తిప్పేవాళ్ళు. తమ్ముడు పోయాక ఆయన ఒక్కడే తిప్పుతున్నాడు.

"రేడియో దానంతటదే లేస్తాది. బంకు కాడ మాత్రమే. ముందు గరగర... ఆమీట వాడి గొంతు."

"ఏమంటాడు మామా?"

ఆయన గొంతు తగ్గించాడు.

"'అన్నా... ఎక్కడుండావు?' అంటాడు. అంతే. నేను తొక్కేస్తా. కాస్త దూరం పోతే గొంతు ముక్కలైపోతాది."

"ఎన్నిసార్లు?"

"ఈ నెల్లో తొమ్మిది సార్లు పోయినా. ఆరు సార్లు పలికినాడు."

"తక్కిన మూడు సార్లు సెలవు పెట్టినాడా?"

ఆయన నవ్వలేదు. "ఎగతాళి వద్దమ్మా. ఇది తెలిసినాక నా బండెక్కేవాళ్ళు లేరు. రేపు పొద్దున నెల్లూరు నుంచి తుక్కు కొనేవాడు వస్తాడు. వైరు పనే అయితే బండి ఇచ్చేస్తా. వాడే అయితే... వాణ్ణెట్టా ముక్కలు కోయించేది? ఏదో ఒకటి తేల్చు."

డాష్‌బోర్డు కింద తల పెట్టగానే సగం తేలిపోయింది. స్టీరియోకు రెండు కరెంటు వైర్లుంటాయి. పసుపుది ఎప్పుడూ బ్యాటరీకే ఉండాలి, సెట్టు తన జ్ఞాపకాలు పోగొట్టుకోకుండా. ఎర్రది తాళంచెవి వైపు పోవాలి. తాళం తిప్పితేనే సెట్టు మేలుకోవాలి. ఇక్కడ రెండిటినీ కలిపి మెలేసి, నేరుగా బ్యాటరీకి ఇచ్చేశారు. మీద చుట్టిన టేపు ఎండలకు జిగురు కారి జారిపోయింది.

"ఎవరు కలిపింది?"

"వాడే. దర్గా కాడ గురువారం రాత్రంతా కాసుకోనుండాల గదా. తాళం తీసేసినా పాటలు రావాలని."

దర్గా డ్రైవర్లు చాలామంది అట్లాగే చేయించుకుంటారు. మెలికను వేలితో కదిపాను. సెట్టు ఆరిపోయింది. వదిలాను... నీలం లైటు వేసుకుని దానంతటదే లేచింది.

"బంకు ముందర స్పీడ్ బ్రేకరుందా?"

"ఉండాది. వాడు పోయినాకనే వేసినారు."

"పలకని ఆ మూడు సార్లు?"

ఆయన గుర్తు చేసుకున్నాడు. "బండి నిండా జనం. నిదానంగా ఎక్కించి దించినా."

తొమ్మిదికి తొమ్మిదీ సరిపోయాయి. జోరుగా పోతే కుదుపుకు మెలికలోని ఎర్ర వైరు విడిపోయి మళ్ళీ తగులుకుంటుంది, సెట్టు లేస్తుంది. వైరే మామా, అనేస్తే నా పని అయిపోయేది. కానీ ఆ గొంతు సెట్టులోకి ఎక్కడినుంచి వస్తోంది? పెన్‌డ్రైవు లేదు. ఆయనది బ్లూటూత్ లేని బటన్ ఫోను. లెక్కలో ఒకటి మిగిలిపోయింది. అట్లా శేషం మిగిలితే నాకు కూర్చోబుద్ధి కాదు.

"నేనూ వస్తా. ఈసారి తొక్కబాక. ఆపు."

తొమ్మిదిన్నరకు బయల్దేరాం. నేను కిలోమీటరు రాళ్ళు లెక్కపెట్టాను. లైట్ల వెలుగులో పందిరి తెల్లగా కనపడింది.

దడ్... బండి ఎగిరి పడింది.

నీలం లైటు ఆరింది. ఒకటి... రెండు... మూడు... వెలిగింది. గరగర.

"అన్నా... ఎక్కడుండావు?"

నిజంగానే మనిషి గొంతు. మా ఇద్దరి మధ్య కూర్చుని అడిగినట్టు ఉంది. రత్తయ్య కాలు యాక్సిలరేటర్ మీదికి పోయింది. నేను తాళం తిప్పి లాగేశాను. ఇంజను ఆగింది. రత్తయ్య లైట్లు ఆపాడు. అంతా చీకటి.

రేడియో మాత్రం ఆగలేదు.

"పది నిమిషాల్లో వస్తాన్రా."

అది రత్తయ్య గొంతు.

తల తిప్పి చూశాను. నీలం వెలుగులో ఆయన పెదవులు బిగించి ఉన్నాయి. నోరు మెదపలేదు. అయినా ఆయన గొంతు స్పీకర్లోంచి వచ్చింది.

మళ్ళీ తమ్ముడు.

"తొందరేం లేదులేన్నా. నిదానంగా రా. బండి జాగర్త."

టిక్కుమని ఆగింది. ఆ వెంటనే ఏదో సినిమా పాట ఎత్తుకుంది.

చనిపోయినవాడి గొంతు సరే. బతికున్నవాడి గొంతు దెయ్యం ఎందుకవుతుంది? అది ఫోన్లో మాటలు రికార్డైన ముక్క. బ్లూటూత్‌లో తనతో జత కట్టిన శ్రీకృష్ణ ఫోనును సెట్టు ఇంకా మరిచిపోలేదు. బ్లూటూత్ అందేది పది మీటర్లు. అంటే ఆ ఫోను... పది మీటర్ల లోపల ఉంది.

గదిలో ఎవరో దగ్గారు.

నేను దిగి గదిలోకి సెల్ లైటు వేశాను. లోపల గొర్రెల కళ్ళు, ఇరవైకి పైనే, ఒక్కసారిగా మెరిశాయి. వాటి మధ్య దుప్పటి కప్పుకున్న ముసలాయన, చేతిలో కర్ర పైకెత్తి, గజగజ వణుకుతూ నిలబడి ఉన్నాడు.

"దగ్గరికి రాబాకండి," అన్నాడు. "మీరు మనుషులేనా?"

కలువాయి నుంచి వచ్చిన వెంగయ్య. నెల నుంచి రాత్రిళ్ళు మంద అక్కడే తోలుతున్నాడు.

"ఆ బండి దడ్‌మన్నప్పుడల్లా నా ఫోను మూగపోతాది నాయనా. పాట ఆగిపోతాది. చచ్చినోడు వాళ్ళన్న బండెక్కి తిరగతా ఉండాడని, నేను దీపం ఆర్పి దుప్పట్లో దూరతా ఉండాను."

ఫోను చూపించాడు. అద్దం పగిలి ఉంది. ప్రమాదమైన వారానికి కంపలో దొరికిందట. పోలీసులకు భయపడి ఎవరికీ చెప్పలేదు, పెట్టెలో పడేశాడు. పోయిన నెల బ్యాటరీ వేయించి పాటలు వింటున్నాడు. లిస్టులో అన్నిటికన్నా పైన ఒక కాల్ రికార్డింగు. పేరు "అన్న". పదిహేను సెకన్లు. జత కలిసిన ప్రతిసారీ మొదట అదే మోగుతుంది.

రత్తయ్య ఫోను రెండు చేతులతో పట్టుకున్నాడు.

"పది నిమిషాలని చెప్పినా. నలభై నిమిషాలకు పోయినా," అన్నాడు. "ఎక్కడుండావని కోపంగా అడిగినాడు, అదే గుర్తు నాకు. నిదానంగా రమ్మన్నాడా వాడు?"

నేను తలూపాను. వెంగయ్య కర్ర కింద పెట్టాడు.

చాలాసేపటికి బండి తిప్పాం. స్పీడ్ బ్రేకరు దగ్గర ముందు చక్రాలు ఎక్కించి దించాడు, తర్వాత వెనకవి. నీలం లైటు ఆరలేదు.

"వైరే మామా," అన్నాను. చెప్పక తప్పదు. "రేపు తుక్కాయన వచ్చేలోగా ఎర్రది విడదీసి తాళానికి ఇచ్చేయనా?"

"వాణ్ణి రావద్దంటాలే. బండి జాగర్త అని చెప్పినాడు గదా," అన్నాడు. గేరు మారుస్తూ మళ్ళీ అన్నాడు. "కొత్త టేపు మాత్రం వెయ్యమ్మా. వాడేసిన మెలిక విప్పబాక."