బాబిన్ తాయిలం

దర్జీ అక్క ఏడుస్తూనే లోపలికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మా కొట్లో ఎవరో నా పిల్లిని చంపుతున్నారండీ."

ఆరాగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఊరంతా ఆయన్ని అలాగే పిలుస్తుంది. ఆరా తీయడమే ఆయన వృత్తి. పక్కన గుమాస్తా పుస్తకం తెరిచాడు. ఆరాగారి మాటంటే అతనికి వేదం. అతని కుడిచేతి మీద మూడు ఎర్రటి గీతలున్నాయి. నిన్న ఇంట్లో పిల్లికి పురుగుల మాత్ర వేయబోతే, అది పెట్టిన సంతకం.

ఆమె పిల్లి పేరు బాబిన్. మగపిల్లి. రెండు నెలల్లో రెండుసార్లు దానికి మూత్రం ఆగిపోయింది. లోపల ఇసుక పడుతోందని పశువుల డాక్టరు చెప్పాడు. తానిచ్చే డబ్బా మేత తప్ప మరేదీ ముట్టనివ్వద్దన్నాడు. ఉప్పు తగిలినవి అసలే కూడదన్నాడు. మూడోసారి ఆగితే తన చేతిలో ఏమీ లేదన్నాడు.

"ఎవరి మీద అనుమానం?"

"ఇంకెవరు, నా పక్కనే కుట్టే మా చెల్లెలు! చేప లేనిదే దానికి ముద్ద దిగదు. మిషను తీసుకుని పొమ్మన్నాను."

"మరి మీరేం పెడతారు?"

"డబ్బా మేత, పూటకో మాత్ర. అంతే. మాత్రకి మాత్రం వాడు బంగారుకొండండీ! డబ్బా గలగలమంటే చాలు, పరిగెత్తుకొచ్చి మింగేస్తాడు."

ఆరాగారు గుమాస్తా చేతి వంక ఓసారి చూశాడు.

"ఎల్లుండి వస్తాం. అందరూ ఉండాలి."

చెప్పిన రోజున ఇద్దరూ వెళ్ళారు. కొట్టంతా ఒకటే గది. రెండు మిషన్లలో ఒకటి అప్పటికే గోనెపట్టాలో చుట్టి గుమ్మం దగ్గరుంది. చెల్లెలు బయట అరుగు మీద భోంచేస్తోంది.

"ఎండలో ఎందుకమ్మా?" అన్నాడు గుమాస్తా.

"డాక్టరు చెప్పిన రోజు నుంచీ ఇక్కడేనండీ. చేప వాసన తగిలితే బాబిన్‌గాడు ఆగలేడు."

లోపల కాజాలు కుట్టే తాత తలెత్తకుండానే అన్నాడు, "నన్నడక్కండి బాబూ. పళ్ళు లేనోణ్ణి, గంజి తాగి బతుకుతున్నా. పిల్లికేం పెడతాను, కాజాలా?"

ఆరాగారు అందర్నీ కూర్చోబెట్టాడు.

"మాత్ర వేళయిందిగా అమ్మా. వేయండి."

అక్క రేకుడబ్బా తీసి ఆడించింది. బల్ల కింద నుంచి బాబిన్ బాణంలా వచ్చాడు. ఆమె చేతులు వాటంతటవే పనిలో పడ్డాయి. డబ్బాలోంచి ఓ మాత్ర, మూడు ఎండుచేప ముక్కలు తీశాయి. ఒకదాన్ని మాత్ర చుట్టూ మడిచాయి.

ఆరాగారు ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఏమిటమ్మా ఇది?"

"మాత్రండీ. పిలవడానికో ముక్క, మాత్రకో ముక్క, చేదు పోవడానికో ముక్క..."

"మాత్ర చుట్టూ ఉన్నదేమిటి?"

ఆమె తన చేతిని తానే కొత్తగా చూసుకుంది.

"ఇది... తాయిలం కాదుగా. మందు కోసమని..."

"ఏ పిల్లీ మాత్రను ఇష్టంగా మింగదు. మా గుమాస్తా చెయ్యి చూడండి. అందుకే మొదటి రోజే అనుమానపడ్డాను. పూటకు మూడు, రోజుకు ఆరు ముక్కలు. ఉప్పూ ఎముకా. మందు నయం చేసిందాన్ని చేప చెడగొట్టింది. మీ చెల్లెలు కాదు, తాతా కాదు. ఇకనుంచి డాక్టరిచ్చిన మేతనే చిటికెడు ఉండ చేసి మాత్ర పెట్టండి. వాడికి తగిన తాయిలం అదే."

అక్క గబగబా వెళ్ళి గోనెపట్టా ముడి విప్పబోయింది. చెల్లెలు ఆ ముడి మీద చెయ్యి వేసింది.

"వద్దక్కా. నిన్న పొద్దున వేరే కొట్లో మాటిచ్చేశాను."

"వెనక్కి తీసుకోవే. నా తప్పే."

"చేప సంగతి కాదక్కా. రెండు నెలలు ఎండలో తిన్నాను. ఎందుకే అని ఒక్కసారి అడిగావా?"

బండి వచ్చింది. మిషను ఎక్కించడానికి తాతే ఓ చెయ్యి వేశాడు. బాబిన్ వెళ్ళి, మిషను తీసేసిన ఖాళీలో కూర్చున్నాడు.

దారిలో గుమాస్తా ఆగలేకపోయాడు. "మొదటి రోజే పట్టేశారు కదండీ!"

"పట్టేశాను," అన్నాడు ఆరాగారు. "అందరి ముందూ విప్పాలన్న సరదాతో రెండు రోజులు ఆగాను. ఆ రోజే చెప్పుంటే ఆ పిల్ల ఎక్కడా మాటిచ్చేది కాదు. పిల్లి కూడా ఇంకో పన్నెండు ముక్కలు తినేది కాదు."

గుమాస్తా పుస్తకం తెరిచి, ఆ పన్నెండూ రాసుకున్నాడు.