టాకీసులో రెండు చిటికెలు

లెక్కల మాస్టారి భార్య కుర్చీ అంచున కూర్చుని చేతిసంచీ చెవులు మెలిపెడుతోంది. కళ్ల కింద నిద్రలేని నలుపు.

"కాలి కట్టు కూడా విప్పలేదండీ. ఈ ఆదివారం మళ్లీ ఆ మూసేసిన టాకీసుకి వెళ్తానంటున్నారు. అదీ పైకి ఒక్కరే ఎక్కుతారట. దెయ్యం పిలిచిందట! ఈసారి మనిషి తిరిగి రారు."

ఎదురుగా ఉన్న ప్రైవేటు డిటెక్టివును ఊరంతా ఇన్‌స్పెక్టరమ్మ అంటారు. ఉద్యోగంలో ఉండగా ఆమె తనిఖీ చేసింది బడుల్ని. జనం పోలీసనుకుంటే ఆమె ఏనాడూ దిద్దలేదు. గోడకి ఆనుకుని నిలబడ్డ భారీ మనిషి ఆమె సహాయకుడు. బస్సు ఉద్యోగం మానేసినా అందరికీ ఇంకా కండక్టరే. ఇన్‌స్పెక్టరమ్మ అడిగితే రాయి కూడా జవాబు చెబుతుందని అతని నమ్మకం.

"మొదట్నించీ చెప్పమ్మా," అంది ఇన్‌స్పెక్టరమ్మ.

"ముగ్గురు స్నేహితులండీ. మా ఆయన, మందుల షాపన్నయ్య, రేడియోలు బాగుచేసే ఆయన. ఆయన్ని రేడియో అనే పిలుస్తారు. వెనకటి ఆపరేటరు ఆ టాకీసు క్యాబిన్‌లోనే పోయాడని, మ్యాట్నీ వేళ రీళ్లు దొర్లిస్తాడని జనం మాట. వదిన పోయాక షాపన్నయ్య దాని వెంట పడ్డారు. వీళ్లిద్దర్నీ కూడా లాగారు. ఏళ్లు గడిచినా ఎలకలు తప్ప ఏమీ దొరకలేదు. పిల్లల చదువులు చూసుకోవాలి, ఇదే ఆఖరి ఆదివారం అని మా ఆయన వాళ్లకి చెప్పేశారు. సరిగ్గా ఆ రోజే దెయ్యం వచ్చింది."

"దెయ్యం ఆఖరి బస్సు అందుకున్నట్టుంది," అన్నాడు కండక్టరు.

ఇన్‌స్పెక్టరమ్మ అతనివైపు ఒక చూపు చూసింది. 

"క్యాబిన్‌లో రికార్డరు పెట్టి తాళం వేస్తారు. తలోచోటా కూర్చుంటారు. ఎవరివల్లయినా పొరపాటున చప్పుడైతే వెంటనే రెండు చిటికెలు వెయ్యాలి. తర్వాత వింటే అది దెయ్యం కాదు, మనవాళ్లదే అని తెలియడానికట. మా ఆయనకి అదెంత ఒంటబట్టిందంటే, భోజనం దగ్గర గరిటె జారినా చిటికెలే. పిల్లలు నవ్వి చస్తారు. ఆ రోజు క్యాబిన్‌లో చప్పుడు విని ఈయన పైకి పరిగెత్తారు. పైమెట్టు ఊడి కింద పడ్డారు. దెయ్యమే కాలు పట్టి లాగిందంటారు."

"తాళంచెవి ఎవరి దగ్గర?"

"మా ఆయన జేబులోనే."

*

రేడియో కొట్టు నిండా విప్పేసిన డబ్బాలు. కొట్టు యజమాని సన్నగా, చిరాగ్గా ఉన్నాడు. కండక్టరుకి చూడగానే అనుమానం తగిలింది. టేపుతో ఏ మాయ చెయ్యాలన్నా చెయ్యగల మనిషి ఇతనే.

రేడియో మీట నొక్కాడు. చాలాసేపు నిశ్శబ్దం. తర్వాత రేకు డబ్బా ఏదో దొర్లింది. ఢామ్మని ఇంకేదో పడింది. ఆ వెంటనే రెండు చిటికెలు. కాసేపాగి బరువైన అడుగులు. దూరంగా మాస్టారి కేక.

కండక్టరు మెడ తడుముకున్నాడు.

"విన్నారా అమ్మా?" అన్నాడు రేడియో. "మా రూలు మాకే ఒప్పజెప్పింది. మమ్మల్ని వెక్కిరిస్తోంది."

"వెక్కిరిస్తోందన్న మాట మొదట ఎవరన్నారు?"

"షాపాయన. అవునూ, ఎందుకు?"

రేడియో చేతిలోంచి స్క్రూడ్రైవరు జారి బల్ల మీద పడింది. అతను వేలి కణుపుతో బల్లని రెండుసార్లు కొట్టాడు. కుడిచేతి నడిమివేలు సగమే ఉంది.

"చిన్నప్పుడు మెషీన్‌లో పోయిందండీ. చిటికె పలకదు, ఎడంచేత్తో నాకు రాదు. నా వరకు ఇలా కొడితే చాలని ఒప్పుకున్నారు."

"ఆ రోజు ఎవరెక్కడ?"

"మాస్టారు బాల్కనీలో, నేను తెర దగ్గర, షాపాయన బయట టిక్కెట్ల గది దగ్గర. నేనూ మాస్టారూ రికార్డరు పెట్టి, తాళం వేసి దిగాం. గుమ్మం ముందు పౌడరు చల్లడం షాపాయన పని. ఎప్పుడూ ఆయనే ఆఖర్న, వెనక్కి వెనక్కి నడుస్తూ దిగుతాడు. కేక విని ముందు నేనే పరిగెత్తాను. ఆయన వీధివైపు నించి ఆయాసపడుతూ వచ్చాడు. పౌడరు మీద అడుగు లేదు. తలుపు తాళం తియ్యలేదు. ఇంకేం కావాలి మీకు?"

బయటికొచ్చాక కండక్టరు ఆగలేకపోయాడు. "వీడేనమ్మా. టేపు వీడిది, మెషీను వీడిది."

"పద," అంది ఇన్‌స్పెక్టరమ్మ.

*

మందుల షాపాయన వాళ్లకి మర్యాదగా కుర్చీలు వేశాడు. రెండు అరచేతులకీ పలాస్త్రీలు.

"సీసా పగిలిందమ్మా. గాజు ఏరాను."

"రెండు చేతులతోనూ?"

"తొందరలో ఏరాను."

"క్యాబిన్ కిటికీకి వెనకవైపు ఇనప నిచ్చెన ఉందటగా?"

"అదా! తుప్పు ముద్ద. పిల్లి ఎక్కినా కూలుతుంది."

"మాస్టారు మళ్లీ వెళ్తానంటుంటే ఆపలేదేం?"

"ఆపితే ఆగుతాడా? ఇంక మానేద్దామన్నవాడు ఇప్పుడు ఆదివారం కోసం గుమ్మంకేసి చూస్తున్నాడు. మీరేం భయపడకండి, మేమంతా ఉంటాంగా!"

అంటున్నప్పుడు అతని ముఖం వెలిగింది. మిత్రుడి కాలు విరిగిన ముచ్చట చెబుతూ మనిషి అంత హాయిగా ఉండటం కండక్టరుకి నచ్చలేదు.

టాకీసు దగ్గర వాచ్‌మన్ సణుగుతూ గేటు తీశాడు. "ఆదివారాలు వీళ్లకి కాపలా, మామూలు రోజుల్లో గబ్బిలాలకి కాపలా. గబ్బిలాలే నయం."

ఇన్‌స్పెక్టరమ్మ ఊడిన మెట్టు చెక్కని తిప్పి చూసింది. చెక్క ఎక్కడా చీలలేదు. మరలుండాల్సిన బెజ్జాలు శుభ్రంగా ఉన్నాయి. మరలు మాత్రం ఎక్కడా లేవు.

"నువ్వు నిచ్చెన ఎక్కు," అంది.

"నేనా? పిల్లి ఎక్కినా..."

"నువ్వు పిల్లివి కాదుగా. ఎక్కు."

కండక్టరు దేవుడి మీద భారం వేసి ఎక్కాడు. నిచ్చెన మూలిగిందే గాని కూలలేదు. కిటికీ రెక్క తోస్తే తెరుచుకుంది. దిగి వచ్చేసరికి రెండు అరచేతులూ తుప్పు గీరుకుని మండుతున్నాయి. తిట్టుకుంటూ పంచెకి తుడుచుకున్నాడు. ఇన్‌స్పెక్టరమ్మ ఆ చేతుల్ని చూసి ముక్కు మీది కళ్లజోడు సర్దుకుంది. పాఠం అప్పజెప్పని పిల్లవాడు దొరికినప్పుడు ఆమె అలాగే సర్దుకునేది.

*

ఆదివారం మ్యాట్నీ వేళకి అందరూ హాల్లో చేరారు. చంకకర్రల మీద మాస్టారు, ఆయన చొక్కా వదలకుండా భార్య, రేడియో, షాపాయన, వాచ్‌మన్. ఇన్‌స్పెక్టరమ్మ తెర ముందు నిలబడి టేపు వేసింది. రేకు డబ్బా, ఢామ్మన్న చప్పుడు, చిటికెలు.

"చెల్లెమ్మా, భయపడకు," అన్నాడు షాపాయన మాస్టారి భార్యతో.

"రికార్డరు రేడియోది. కొంచెం ఇలా రండి," అంది ఇన్‌స్పెక్టరమ్మ.

రేడియో లేచాడు. పాత సినిమా కుర్చీ ఠపీమని మడుచుకుంది. అతను చేతిపిడి మీద కణుపుతో రెండుసార్లు కొట్టాడు.

"పౌడరు డబ్బా మాత్రం షాపాయనది. మీరూ వచ్చి తీసుకోండి."

షాపాయన లేచాడు. కుర్చీ ఠపీమంది. అతని చెయ్యి దానంతటదే లేచి రెండు చిటికెలు వేసింది.

ఇన్‌స్పెక్టరమ్మ టేపు వెనక్కి తిప్పి మళ్లీ వేసింది. ఢామ్మన్న చప్పుడు. చిటికెలు.

"దెయ్యం వెక్కిరించాలనుకుంటే తీరిగ్గా వెక్కిరిస్తుంది. ఇది చెయ్యి జారిన మనిషి, చప్పుడు వెంటే వేసిన చిటికె. రీలు డబ్బా దొర్లించడం ఇతను కావాలని చేశాడు. రెండోది పొరపాటున పడింది. అలవాటు కొద్దీ చిటికెలు వేశాడు. వేశాక నాలుక కరుచుకుని ఉంటాడు. అందుకే వెక్కిరింపని అందరికంటే ముందు తనే అన్నాడు. వాచ్‌మన్‌కి ఈ అలవాటు లేదు. రేడియోకి చిటికె పలకదు. మాస్టారు అప్పుడు బాల్కనీలో ఉన్నారు."

"తాళం?" అన్నారు మాస్టారు.

"తాళం జోలికి పోనేలేదు. నిచ్చెన ఎక్కి కిటికీలోంచి దూరాడు. పిల్లిని కూడా మొయ్యదన్న నిచ్చెన మా కండక్టర్ని మోసింది. కండక్టరూ, చేతులు చూపించు."

కండక్టరు చేతులు చాపాడు. రెండు అరచేతుల మీదా అడ్డంగా ఎర్రటి గీరలు.

"మీ పలాస్త్రీలు తియ్యండి."

షాపాయన గుప్పిళ్లు బిగించుకున్నాడు.

"పౌడరు చల్లుతూ ఆఖర్న దిగింది మీరే. అప్పుడే పైమెట్టు మరలు తీసి, చెక్కని ఉన్నచోటే ఉంచారు. ఎవరైనా పరిగెత్తుకొచ్చి కిటికీ దగ్గర మిమ్మల్ని పట్టుకోకూడదు. అంతేనా?"

"పడతాడనుకోలేదు!" షాపాయన అరిచాడు. "చెక్క కదిలితే బెదిరి ఆగిపోతాడనుకున్నాను. చెల్లెమ్మా, వీళ్లు మానేస్తామన్నారు. ఆదివారం షాపు మూశాక ఆ ఇంట్లో నేనేం చెయ్యాలి? గోడలతో మాట్లాడాలా?"

"మరి ఈవారం మళ్లీ ఎక్కుతానంటుంటే?" అంది మాస్టారి భార్య. "కట్టు కాలితో! అప్పుడైనా ఒక్కమాట చెప్పొచ్చుగా? అన్నయ్యా అని పిలిచానే!"

షాపాయన ఇన్‌స్పెక్టరమ్మ వైపు తిరిగాడు. "ఒంటరి బతుకు మీకేం తెలుసు?"

"మా ఆయన పోయి చాలా ఏళ్లయింది," అంది ఇన్‌స్పెక్టరమ్మ. "నేను ఎవరి మెట్టూ విప్పలేదు. స్టేషన్‌కి కండక్టరు తోడొస్తాడు, పదండి."

కండక్టరు అతని భుజం మీద చెయ్యి వేశాడు. షాపాయన వెళ్తూ మాస్టారి ముందు ఆగాడు. మాస్టారు తలెత్తలేదు.

వాళ్ల వెనక గేటు మూసుకుంది. మాస్టారు లేవబోతే చంకకర్ర జారి సిమెంటు నేల మీద ఠంగుమంది. ఆయన బొటనవేలూ నడిమివేలూ ఒకదాన్నొకటి తాకాయి. చిటికె పలకలేదు. భార్య ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"ఇంటికెళ్దాం పద," అన్నారు మాస్టారు.