దేవరకు పెట్టని మామిడికాయ

"అవ్వా! ఏంది తింటున్నవ్? మామిడికాయ పప్పా?"

గుమ్మంలో నిలబడ్డ కొడుకు జంపయ్య అరుపుకు, ముత్తక్క చేతిలోని ముద్ద పళ్లెంలో జారిపడింది. వంటగదిలో ఉన్న కూతురు గ్రేస్ తిప్పుతున్న గరిటె ఆపేసింది... అయిపోయింది! అంతా అయిపోయింది!

"తింటే ఏమైందిరా? ఊళ్లో పండుగ అయిందని నువ్వే ఫోన్ చేసినవట గదా!" అంది ముత్తక్క, ఆపరేషన్ అయిన కంటి మీది నల్ల అద్దాలు సర్దుకుంటూ.

"నేనెప్పుడు చేసిన? పండుగ ఈ ఆదివారం. నిన్ను తోలుకపోదామనే వచ్చిన!"

ముత్తక్క ముఖం మెల్లగా వంటగది వైపు తిరిగింది. ఆ చూపును కూతురు జీవితంలో మరిచిపోలేదు.

గ్రేస్ పుట్టినప్పటి పేరు దుర్గ. భద్రాచలం దారిలో అడవి అంచు ఊరు. పాల్వంచలో షిఫ్టు డ్యూటీ చేసే జయరాజ్‌ను ఇష్టపడి, జ్ఞానస్నానం తీసుకుని ఈ ఇంటికి వచ్చింది. బజారులో చింతపండు, తేనె అమ్ముతుంది. ఎవరితోనూ తగువు పెట్టుకోదు. కొట్టుకు వచ్చినవాడు సాయిబు అయినా, స్వామి అయినా "అందరు దేవుళ్లూ ఒకటే గదన్నా" అని నవ్వుతుంది. ఆ మాట ఎప్పుడూ చెల్లింది. ఎక్కడైనా చెల్లే మాటకు సొంత ఊరు ఉండదని ఆమెకు అప్పటికి తెలియదు.

పుట్టింటి ఊళ్లో ఒక కట్టుబాటు ఉంది. కొత్త మామిడికాయలు వచ్చాక, ఊరంతా కలిసి పండుగ చేసి ఊరి దేవరకు పెట్టేదాకా ఎవరూ ముక్క నోట పెట్టరు. పసిపిల్లలు కూడా రాలిన కాయను ముట్టరు. అత్తగారు జోజమ్మ పెరట్లో మాత్రం చెట్టు నిండా కాయలు! రోజూ పప్పులో మామిడే, పచ్చడిలో మామిడే. కంటి ఆపరేషన్ కోసం వచ్చిన ముత్తక్క ఉత్త అన్నంలో ఉప్పేసుకుని తింది.

"మా ఇంటి కూర నీ నోటికి పనికిరాదా వదినా?" అని జోజమ్మ దెప్పింది.

"పనికొస్తది వదినా. పండుగ కానియ్యి, గిన్నె గూడ నాకుత" అని ముత్తక్క నవ్వింది.

గ్రేస్‌కు ఆ నవ్వు వినిపించలేదు. తల్లి ఎండిన చేతులే కనిపించాయి. వేరే కూర వండితే అత్తకు కోపం. వండకపోతే తల్లికి పస్తు. ఇద్దరి మధ్యా సులువైన దారి ఒకటి తోచింది. "పండుగ అయిపోయిందట అవ్వా, తమ్ముడు ఫోన్ చేసిండు" అంది. ఒక్క అబద్ధం! తల్లి ఆకలి తీరుతుంది, అత్త మాట నెగ్గుతుంది, ఎవరికీ నష్టం లేదు... అనుకుంది పిచ్చిది!

"నీ పానం కోసమే అవ్వా... నువ్వు చిక్కిపోతుంటే చూడలేక..." ఇప్పుడు బయటపడ్డాక గ్రేస్ తల్లి కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చింది.

జోజమ్మ విసుక్కుంది. "ఒక్క మామిడి ముక్కకు ఇంత గోలేందే? అందరు దేవుళ్లూ ఒకటే అంటవ్ గదా నువ్వు!" అంటూనే సగంలో ఆగిపోయింది. ఈస్టరుకు ముందు తపస్సు రోజులవి. ఆమె మాంసం మానేసి ఉంది. చెయ్యి దానంతటదే మెడలోని జపమాల మీదికి పోయింది.

"గ్రేస్... నా పళ్లెంలో గూడ ఎప్పుడన్నా గిట్ల కలిపినవా?"

"అయ్యో, లేదత్తమ్మా! ప్రమాణంగా లేదు!"

"ఎట్ల నమ్మాలె?"

గ్రేస్ కొంగుతో ముఖం కప్పుకుంది. ఇన్నేళ్లు రెండు వైపులా తానే సమం చేస్తున్నాననుకున్న త్రాసు... ఇప్పుడు రెండు తట్టలూ ఖాళీ!

జోజమ్మ ముత్తక్క పక్కన కూర్చుంది. "తెలియక తిన్నది పాపం గాదంటడు వదినా, మా ఫాదర్. మీ దేవర ఏమంటదో నాకెరుక లేదు. నాకు నా యేసే దేవుడు, గది మారదు. కానీ అన్నీ ఒకటే అనేటోళ్లకు ఒక్కటి గూడ బరువుండదని ఇయ్యాల తెలిసింది."

"తెలియక తిన్నది పాపం గాదని మా దేవర గూడ అంటది గావచ్చు" అంది ముత్తక్క. "దేవరతోటి నేను మాట్లాడుకుంట. నా బిడ్డ నాతోటి అబద్ధమాడింది. గది ఎవరికి చెప్పుకోవాలె?"

ఆ పూటే కొడుకుతో బస్సెక్కి వెళ్లిపోయింది.

ఆ తరువాత ఎన్నిసార్లు ఫోన్ చేసినా జంపయ్యే ఎత్తేవాడు. "అవ్వ ఇప్పపూలకు పోయిందక్కా." "అవ్వ పండుకుంది." వర్షాలు పోయాయి, చలి పోయింది. గ్రేస్ కొట్టులో కూర్చుని చింతపండు తూచేది, చర్చిలో మోకరిల్లేది. ఎవరైనా "అందరు దేవుళ్లూ..." అంటే నవ్వు వచ్చేది కాదు. నిండిన ఇంట్లో ఆమె ఒక్కతే అయిపోయింది.

మళ్లీ పెరటి చెట్టు కాసింది. గ్రేస్ ఒక్క కాయ కోయలేదు. ఊళ్లో పండుగ కాలేదని ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఎవరి మెప్పు పొందాలి? నోటి దగ్గరకొచ్చిన పులుపును మింగుకుని, పప్పులో చింతపండు పిసికింది.

"చెట్టు నిండ కాయలు పెట్టుకొని ఈ చింతపండేంది?" అన్నాడు జయరాజ్.

"నోరు మూసుకొని తిను!" అంది జోజమ్మ. మరునాడు గ్రేస్ లేచేసరికి, చింతపండు గిన్నెలో నానబెట్టి ఉంది.

ఒక మధ్యాహ్నం జంపయ్య సంచితో వచ్చాడు. గ్రేస్ కళ్లు అతని వెనకాల వెతికాయి... ఎవరూ లేరు.

"అవ్వ రాలేదక్కా" అన్నాడు తల వంచుకుని. "పండుగ అయిందని చెప్పమన్నది. నిజంగ అయింది అని చెప్పమన్నది. ఈ కాయలు నీకు పంపింది."

గ్రేస్ చెయ్యి చాచి, ఆగిపోయింది. దేవర ముందు పెట్టినవి తన నమ్మకం ప్రకారం తినకూడదు. తల్లి పంపినవి కాదనకూడదు. మళ్లీ అదే ఇరుకు! ఈసారి అబద్ధం ఆడలేదు. "తమ్ముడూ, దేవరకు పెట్టినవైతే నేను తినలేనురా..." అంది.

"తెలుసు. అవ్వ గదే అన్నది. పెట్టినవి ఊళ్లోనే ఉంచింది. ఇవి పక్కకు తీసి పెట్టింది, దేవర కాడ చూపియ్యలేదు. 'దాని ప్రార్థనకు అడ్డం రావద్దు, బిడ్డ ఇరకాటంల పడొద్దు' అన్నది."

గ్రేస్ సంచిని గుండెకు హత్తుకుంది. తల్లి క్షమించిందో లేదో ఆ సంచి చెప్పలేదు. కానీ కూతురు నమ్మకాన్ని, తనది కాకపోయినా, ఎంత జాగ్రత్తగా తూచి కట్టిందో ఆ తల్లి!

జోజమ్మ కత్తిపీట వాల్చి ఒక కాయ కోసింది. గ్రేస్ సిలువ గుర్తు వేసుకుని ముక్క నోట్లో పెట్టుకుంది. కళ్ల వెంట ధారలుగా నీళ్లు కారాయి.

"ఏందక్కా?" అన్నాడు జంపయ్య కంగారుగా.

"పులుపురా..."

"అవ్" అంది జోజమ్మ, కొంగుతో తన కళ్లు తుడుచుకుంటూ. "మంచి పులుపే ఉంది."