మలుపు దగ్గర ఆగిన చప్పుడు

ఆ వీధిలో ఎవరి బండి ఎప్పుడొస్తుందో అందరికీ తెలుసు. తెలియదని చెప్పేది రిటైరైన గుమాస్తా ఒక్కడే. రోజంతా కిటికీ దగ్గర కూర్చునేది గాలి కోసమట. టైలరమ్మ మొగుడి కారుకు మాత్రం కిటికీ అక్కర్లేదు. మలుపు తిరగకముందే సన్నగా మూలుగు వినిపించేది. ఇంజిన్ పక్కన ఉండి బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్‌లో బేరింగులు అరిగిపోయాయి.

"మార్పించండీ, వీధంతా నవ్వుతున్నారు" అనేది ఆమె.

"నేనొస్తున్నట్టు నీకు తెలియొద్దూ?" అనేవాడు ఆయన.

ఆ మూలుగు వినగానే ఆమె కుట్టుమిషను ఆపి టీ పెట్టేది.

ఒక సాయంత్రం మూలుగు మలుపు దాకా వచ్చి అక్కడే ఉండిపోయింది. దారిన పోయే ప్రతివాడినీ ఆపి కబుర్లు చెప్పే మనిషి కదా, ఎవరో దొరికుంటారనుకుంది. టీ చల్లారింది. వేడి చేసింది. అదీ చల్లారాక వెళ్ళి చూస్తే, స్టీరింగు మీద తల వాల్చి ఉన్నాడు. ఇంజిన్ ఇంకా తిరుగుతూనే ఉంది.

ఆయన పోయాక కారును ఇంటి పక్కన షెడ్డులో పెట్టారు. అయినా పొద్దుగూకేసరికి మలుపు దగ్గర అదే మూలుగు. వీధిలో అందరికీ వినపడేది, ఒప్పుకున్నవాళ్ళు మాత్రం లేరు. గుమాస్తా కిటికీ మూసుకోవడం మొదలుపెట్టాడు, దోమలట. దెయ్యాలంటే పగలబడి నవ్వే ఇస్త్రీ బండివాడు పక్కవీధికి మారిపోయాడు. అక్కడ నీడ బాగుంటుందట.

టైలరమ్మకు భయం లేదు. రోజూ గేటు పట్టుకుని నిలబడేది. ఇంతదూరం వచ్చినవాడు ఈ నాలుగిళ్ళు దాటి రాలేకపోతున్నాడే అన్నదే ఆమె గుండెకోత. చివరికి ఫ్రిజ్జులు బాగుచేసే మరిదిని పిలిచింది.

"బేరింగు పూర్తిగా పోతే ఏమవుతుంది?"

"పట్టేస్తుంది వదినా. బండి ఉన్నచోటే నిలబడిపోవచ్చు."

ఆమె ఆ మాటే పట్టుకుంది. "అయితే మార్చెయ్."

"డ్రైవింగు నేర్చుకుంటావా ఏంటి? ముందే చెప్పు, ఆ రోజు నేను ఊళ్ళో ఉండను."

ఆమె నవ్వలేదు. "ఆయన ఇల్లు చేరాలి కదయ్యా."

ఆదివారం మధ్యాహ్నం మరిది వచ్చి, బ్యాటరీ వైరు తీసి, బెల్టు వదులు చేసి, ఆల్టర్నేటర్‌ను ఊడదీశాడు. వంటింటి గట్టు మీద పాత పేపరు పరిచి దాన్ని విప్పాడు. పాత బేరింగులు ఇసుక నములుతున్నట్టు గరగరలాడాయి. ఇల్లంతా మాడిన గ్రీజు వాసన. కొత్తవి నిదానంగా లోపలికి దింపి, అన్నీ బిగించి, బెల్టు పట్టే పుల్లీ చక్రాన్ని వేలితో ఒక్కసారి తిప్పాడు.

చప్పుడే లేదు. వెన్నలా తిరిగింది.

తిరుగుతూనే ఉంది...

"ఈపాటికి ఆగాలి కదా?" అంది ఆమె.

"ఆగాలి." మరిది మొహంలో వేళాకోళం పోయింది.

ఆమె అరచెయ్యి ఆనించింది. ఆగింది. ఆ ఇనుము మనిషి ఒంటిలా వెచ్చగా ఉంది.

కారుకు బిగించి స్టార్ట్ చేశాడు. మూలుగు లేదు. ఇంజిన్ ఆపి, తలుపులన్నిటికీ తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకున్నాడు.

పొద్దుగూకింది. ఆమె గేటు దగ్గర నిలబడింది. మలుపు దగ్గర ఏ చప్పుడూ లేదు. వీధి దీపాలు వెలిగాయి. అయినా లేదు. ఉన్న ఒక్క ఆనవాలూ చెరిపేసుకున్నానని అప్పుడు తెలిసింది ఆమెకు. ఇంట్లోకొచ్చి నేల మీద కూలబడింది.

"ఆ మాత్రమైనా ఉండేది కదయ్యా... నా చేతులారా పోగొట్టుకున్నాను."

మరిదికి ఓదార్చడం చేతకాదు. మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని పక్కన నిలబడ్డాడు.

అప్పుడు షెడ్డులో కారు తలుపు తెరుచుకుంది. మూసుకుంది.

"వదినా... తాళంచెవి నా దగ్గరే ఉంది..."

ఆమె అప్పటికే లేచింది. కళ్ళు తుడుచుకుంది. జుట్టు సర్దుకుంది. ఎన్నాళ్ళకో ఆమె మొహం విప్పారింది.

"వచ్చారు" అంది గుసగుసగా.

షెడ్డులో ఇంకో తలుపు తెరుచుకుంది. వెనక తలుపు. మెల్లగా మూసుకుంది.

ఆమె చెయ్యి జుట్టు మీదే ఆగిపోయింది.

"ఆయన... ఒక్కరే కదా వెళ్ళింది?"

గచ్చు మీద అడుగులు. బరువైన అడుగులు, నిదానంగా. వాటి పక్కనే చిన్న చిన్న అడుగులు, అందుకోవడానికి పరిగెత్తుతున్నట్టు. గుమ్మం బయట రెండూ ఆగాయి.

"ఏమండీ..."

గుమ్మానికి వేలాడే కర్టెన్, మోకాలి ఎత్తున, ఎవరో గుప్పిట పట్టినట్టు ముడతలు పడింది.

ఆ దంపతులకు పిల్లలు పుట్టలేదు.