పాలిమర్ రెయిల్ మీద ఐదు తూటాలు

ఢాం!

మంచు చిమ్ముతుంది. మేరిమ్ ఎడమ భుజానికి జానెడు దూరంలో!

ఒకటి.

ఆమె పరుగెడుతోంది. మోకాలి లోతు మంచు. కళ్లు చెదిరే మధ్యాహ్నపు ఎండ. పైన నల్లరాయి... అక్కడిదాకా చాలు!

కింద దూలత్ మోకాలు ఆన్చి మళ్లీ గురి చూస్తున్నాడు.

"ఫోన్ పారెయ్ పిల్లా! నిన్ను ఇంటి దగ్గర దింపుతా!"

"సాగిన్‌ని దింపినట్టేనా, దూలతన్నా?"

ఢాం! ఈసారి మూరెడు ఎడంగా.

రెండు. ఆ తుపాకిలో పట్టేవి ఐదే.

పొద్దున నారిన్ బజారులో ఆమె ఒక్క మాట అంది. "మా అన్న ఫోన్ దొరికింది. మంచుచిరుత తోలుతో దూలత్ ఫోటో ఉంది అందులో."

అంతే... ఆమె కనుమ ఎక్కేసరికి వీడు వెనకే ఉన్నాడు!

ఏడాది క్రితం ఇదే కనుమలో, వనం కాపలా కాసే ఆమె అన్న సాగిన్‌ను ఒక్క తూటాతో పడగొట్టాడు. ఊరి పెద్దల ముందు రొట్టె మీద చెయ్యి వేశాడు. "కొండమేక అనుకున్నాను" అన్నాడు. రొట్టె మీది ప్రమాణానికి ఎదురు లేదు. పెద్దలు ఆమీన్ అని, అరచేతులతో ముఖాలు తుడుచుకుని లేచిపోయారు.

ఢాం! బారెడు ఎడంగా!

మూడు.

మేరిమ్ నవ్వుతోంది. గొట్టం వేడెక్కుతోంది...

వేసవిలో ఆమె దుకాణానికే వచ్చాడు వాడు. తుపాకులకు గురిచూసే స్కోపులు బిగించే బల్ల జిల్లా మొత్తానికి అదొక్కటే.

"స్కోపు కింద బిగించే రెయిల్ పట్టీ కావాలి. ఉక్కా, ప్లాస్టిక్ పాలిమరా?"

"ఉక్కే తీసుకో అన్నా. బరువే. చలికి చెయ్యి కరుస్తుంది కూడా. కానీ కదలదు. పాలిమర్ టార్చికి చాలు, స్కోపుకి వద్దు. వరసగా కాల్చావంటే వేడికి మెత్తబడి గురి తప్పిస్తుంది."

దూలత్ కన్ను గీటాడు.

"చచ్చినోడి చెల్లెలు నా మంచి కోరుతుందా? నా చెవిలో పువ్వు పెట్టకు. పాలిమరే బిగించు!"

ఆమె చెప్పింది నిజమే. నమ్మడని తెలిసి చెప్పిన నిజం!

ఢాం! రాయికి ఆవల ఎక్కడో.

ఢాం! ఉత్త ఆకాశంలోకి.

"థూ... దీనికేం రోగం!"

ఐదు!

నల్లరాయి. సాగిన్ ఒరిగిన చోటు. ఆమె చేతులతో మంచు తవ్వుతోంది. నిన్న పాతిపెట్టిన పొడుగాటి మూట... అన్న తుపాకి. ఉక్కు రెయిల్.

వట్టి వేళ్లు ఆనగానే చర్మం అంటుకుని ఊడుతుంది. ఆమె వదలదు.

స్కోపులో దూలత్. కొత్త తూటాల కోసం జేబులు తడుముకుంటూ... తలెత్తి చూసి, కొయ్యబారిపోతాడు.

"ఆ ఫోన్ నువ్వే ఉంచుకో! నేనెవరికీ చెప్పను, ఒట్టు!"

"ఏ ఫోన్ అన్నా? అది ఎప్పుడూ దొరకలేదు."

గాలి కూడా ఆగుతుంది.

"ఆ రోజు... స్కోపులో మా అన్న ముఖం కనబడిందా?"

వాడు చేతులు పైకెత్తుతాడు.

"...కనబడింది."

నీ ముఖమూ కనబడుతోంది. గడ్డం మీది మంచు పలుకుతో సహా.

రేపు పెద్దలు పిలుస్తారు. ఆమె ముందు రొట్టె పెడతారు. మేరిమ్ పెదవులు మెల్లగా కదులుతాయి... పాఠం వల్లె వేస్తున్నట్టు.

"కొండమేక... అనుకున్నాను."

ఢాం!