సంచి, డబ్బా, మధ్యలో వరహాలమ్మ

మొదటి షిఫ్టు గంట మోగేటప్పటికి వరహాలమ్మ నాలుగో మనిషి బూట్ల మీది బూడిద మిషనుతో పీల్చేసి ఐదో మనిషి దగ్గరికి వచ్చింది. చంద్రుడి నేల తవ్వకం నుంచి తిరిగొచ్చిన పదకొండుగురూ బయటితొడుగులు విప్పకుండానే, బయటి తలుపుకీ లోపలి తలుపుకీ మధ్యనున్న నడిమిగది గోడవారన వరసగా నిలబడ్డారు. ఒంటిమీద బూడిద ఉండగా లోపలి తలుపు తెరుచుకోదు. మడతల్లో, జిప్పుల్లో, బూటు అట్టల సందుల్లో, ఎక్కడ చోటు దొరికితే అక్కడ దూరి కూర్చుంటుంది ఆ బూడిద. చూడ్డానికి పొయ్యిలో బూడిదలాగే మెత్తగా ఉంటుంది గానీ ప్రతి రేణువుకీ గాజుపెంకు అంచు ఉంటుంది. గాలీ నీళ్లూ ఎరగని చోట పుట్టింది కనుక దాని పదును అరగదీసినవాళ్లు లేరు.

ఈ చివర వరహాలమ్మ చేతిలో సంచి మిషను. ఆ చివర తోటి పనివాడు గురువులు చేతిలో డబ్బా మిషను. నెల రోజులుగా ఇద్దరూ ఇలాగే పోటీ పడుతున్నారు. పడమన్నది తూనిక అనే లెక్కల యంత్రం. వీళ్లంతా కాపురముండే నాలుగో గుమ్మటంలో ఏ వస్తువు ఉండాలో ఏది పోవాలో తేల్చేది అదే. పాత మిషన్లు అరిగిపోయాయి, వచ్చే పదేళ్లకూ ఒకే రకం దించుకోవాలి. ముప్పై రోజుల పరీక్షకి ఇవాళ ఆఖరి రోజు.

న్యాయంగా చెప్పాలంటే డబ్బా మిషను అందగత్తె. గాజులాంటి డబ్బాలో బూడిద గిరగిరా సుడి తిరుగుతుంటే తవ్వకంవాళ్లు ఆకలి సంగతి కూడా మరిచిపోయి చూసేవారు. మొదటి మనిషి దగ్గర ఎంత గట్టిగా పీల్చేదో పదకొండో మనిషి దగ్గరా అంతే పీల్చేది. సంచి మిషనుకి ఆ ఓపిక లేదు. సంచి సగం నిండేసరికి ఆయాసపడుతుంది, నిండాక మూలుగుతుంది. నిండిన సంచి మూతి బిగించి పారేస్తే కొత్త సంచి భూమి నుంచే రావాలి. భూమి నుంచి ఆవగింజ రావాలన్నా తూనిక వందసార్లు ఆలోచిస్తుంది.

చిక్కల్లా డబ్బా నిండిన తరవాతే. షిఫ్టుకి ఎనిమిదిసార్లు మూత తీసి, మూలనున్న బూడిదగొట్టంలోకి బోర్లించి, లోపలి జల్లెడని అరచేత్తో తట్టాలి. కడుగుదామంటే అన్ని నీళ్లు లేవు. భూమ్మీదైతే బోర్లించిన దుమ్ము బుద్ధిగా కిందికి పోతుంది. చంద్రుడి లాగుడు అందులో ఆరోవంతే. ఇక్కడి బూడిద పడాలా వద్దా అని తీరిగ్గా ఆలోచిస్తూ ముఖం చుట్టూ నిలబడిపోతుంది.

తవ్వకంవాళ్లు లోపలికి వెళ్లిపోయారు. గురువులు ఎనిమిదోసారి డబ్బా బోర్లించి వచ్చి, గోడకి చెయ్యి ఆనించి దగ్గాడు. ఆ దగ్గు మొదలై ఇరవై రోజులైంది.

"ఏట్రా, మళ్లీనా?" అంది వరహాలమ్మ.

"ఏటీ నేదప్పా. గొంతులో ఏదో గీరతన్నాది. అంతే."

"నిన్నా అంతే అన్నావు."

"ఇయ్యాల్టితో అయిపోద్ది కదేటి."

"అయిపోదురా. డబ్బా నెగ్గిందంటే పదేళ్లు ఇదే పని. నీ ఊపిరితిత్తులు పదేళ్లుంటాయేటి?"

గురువులు నవ్వబోయి మళ్లీ దగ్గాడు. ఆరేళ్ల కిందట ఇద్దరూ ఒకే నౌకలో వచ్చారు. దారి పొడుగునా ఆమె వాంతులు ఎత్తిపోసింది వాడే. అప్పటి నుంచీ వాడికి ఆమె అప్ప, ఆమెకి వాడు తమ్ముడు.

మొదటివారంలోనే ఆమె ముక్కుముసుగులు అడిగింది. అవసరం లేదంది తూనిక. నడిమిగది గాలి శుభ్రంగా ఉందని దాని లెక్క. ఆ లెక్క చెప్పేది పైకప్పుకి తగిలించిన దుమ్ముకన్ను. మూడు మీటర్ల ఎత్తున హాయిగా కూర్చుని, గంటంతా చూసి, సగటు చెబుతుంది. డబ్బా బోర్లించే రెండు నిమిషాలూ ఆ గంటలో కలిసి మాయమైపోతాయి.

లోపలి తలుపు తెరుచుకుని సామగ్రి అధికారి సుభాషిణి పలక పట్టుకుని వచ్చింది. మనిషి మంచిదే. తూనిక మాట జవదాటడం మాత్రం ఆమెకి చేతకాదు.

"పరీక్ష ముగిసింది," అంది తూనిక గోడలోంచి. "వంద మార్కులకి డబ్బా తొంభై ఒకటి. సంచి అరవై నాలుగు. వాడుకరి సాక్ష్యం కోరుతున్నాను."

"వరహాలమ్మగారూ, ఇక్కడ బొటనవేలు ఆనించండి. లాంఛనమే," అని సుభాషిణి పలక చాపింది.

"ఏటని రాసుందమ్మా?"

"వాడేవాళ్లకి అభ్యంతరం లేదని."

"మాకుంది."

సుభాషిణి తలెత్తింది. గుమ్మటం కట్టిన నాటినుంచీ ఆ గడిలో వేలు పెట్టనివాళ్లు లేరు. పెట్టకపోతే ఏం చెయ్యాలో ఎక్కడా రాసి కూడా లేదు.

"గురువులుగారి దగ్గు సంగతే కదా. నాకూ బాధగానే ఉందండీ. కానీ గాలి లెక్క పరిమితి లోపలే ఉంది. దాన్ని మార్చే అధికారం నాకెక్కడిది?"

"లెక్క మార్సొద్దమ్మా. సోటు మార్సండి. ఆ కన్ను దించి డబ్బా ఒంపేవోడి మెడకాడ పెట్టండి. ఒక్కసారి సాలు."

"దుమ్ముకన్ను చోటు మార్చడం పరీక్ష విధానంలో లేదు," అంది తూనిక.

గురువులు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "ఏలు ఎట్టెయ్యప్పా. మొండికేస్తే నిన్ను తిరుగునౌక ఎక్కించేస్తారు. నా కోసం నీకెందుకు సెప్పు."

అదీ నిజమే. వేలు ఆనిస్తే ఇంకో ఆరేళ్లు ఇక్కడే అన్నం తినొచ్చు. పక్కన వీడు రోజుకి ఎనిమిదిసార్లు దగ్గుతుంటే ఆ అన్నం గొంతు దిగుతుందా అని తనని తాను అడిగి చూసుకుంది వరహాలమ్మ. దిగదని తేలిపోయింది. నడుముకి దోపుకున్న గుడ్డ తీసింది.

"తూనికా, దుమ్ముకన్ను తుడవాల. దించుతున్నాను."

కన్నులు తుడవడం శుభ్రతవాళ్ల పని. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదన్న నియమం తూనిక రాసుకున్నదే.

"శుభ్రత పని. పది నిమిషాలు," అంది తూనిక.

చంద్రుడి మీద నలభై ఎనిమిదేళ్ల ఆడమనిషి కూడా మూడు మీటర్లు గెంతగలదు. వరహాలమ్మ గెంతింది. కన్ను ఊడదీసుకుని నెమ్మదిగా కిందికి దిగింది, గుడ్డతో తుడిచింది, తన మెడపట్టీకి తగిలించుకుంది. గురువులు పరుగున వెళ్లి డబ్బా పట్టుకున్నాడు.

"నానొంపుతానప్పా."

"నువ్వు సాలా మింగినావు. ఇటియ్యి. ఇయ్యాల నా వంతు."

ఆమె సంచి మిషను పక్కన పెట్టి, డబ్బా మిషనుతో నేల మూలమూలలా గుంజింది. డబ్బా నిండింది. మూలకి వెళ్లి ఊపిరి బిగబట్టి, మూత తీసి బోర్లించింది. జల్లెడని అరచేత్తో నాలుగుసార్లు గట్టిగా తట్టింది.

దుమ్ముకన్ను మామూలుగా సగటు చెప్పడానికి గంట ఆగుతుంది. పరిమితికి ఇరవై రెట్లు దాటితే మాత్రం ఆగదు. బూడిదగొట్టం పగిలితే తెలియాలని పెట్టిన ఏర్పాటది. వరహాలమ్మ మెడ దగ్గర కన్ను అరిచింది. దానితోపాటు నాలుగో గుమ్మటమంతా అరిచింది. లోపలి తలుపు బిగుసుకుపోయింది. వసారాల్లో తలుపులు వరసగా మూసుకుపోయాయి. వంటశాలలో పొయ్యిలు ఆరాయి, తవ్వకంలో మరలు ఆగాయి.

"నడిమిగదిలో బూడిద పరిమితికి నలభై ఒక్క రెట్లు," అంది తూనిక. "బూడిదగొట్టం పగిలిందని అనుమానం."

"గొట్టం బాగానే ఉంది," అంది వరహాలమ్మ దగ్గుతూనే. "డబ్బా ఒంపినాను, అంతే. మా గురువులు దీన్ని షిఫ్టుకి ఎనిమిదిసార్లు ఒంపుతాడు. నెల రోజుల్నించి."

తూనిక ఆ నెల రోజుల లెక్కలన్నీ మళ్లీ తిరగేయసాగింది. బూడిద నిదానంగా సుభాషిణి దాకా వచ్చింది. ఆమె కూడా దగ్గింది. ఆమె పలకమీద 'శుభ్రతలో పొరపాటు, కొలత రద్దు' అని ఒక మీట వెలుగుతోంది. దాన్ని నొక్కితే తలుపులన్నీ తెరుచుకుంటాయి. ఆమె గోడకి ఆనుకున్న గురువులు వైపు చూసింది. కళ్లలో నీళ్లు బూడిదవల్లనో సిగ్గువల్లనో ఆమెకే తెలియాలి.

"ఈ కొలత ఉంచు," అని పలక బోర్లించేసింది.

"ఉంచాను," అంది తూనిక. "తొంభై ఒకటి చెల్లదు. సంచి తీసేటప్పటి కొలత కూడా కావాలి."

గాలి శుభ్రపడేదాకా ఆగి, వరహాలమ్మ సంచి మిషను తెరిచింది. మూతి బిగించి సంచిని బయటికి లాగి గొట్టంలో వేసింది. మెడ దగ్గర కన్ను కిక్కురుమనలేదు.

"పరిమితిలో ఐదోవంతు," అంది తూనిక. "సంచి ఎనభై ఆరు. డబ్బా తొమ్మిది. ఎంపిక, సంచి."

గురువులు గోడవెంబడి జారి నేలమీద కూర్చున్నాడు. దగ్గుతూ నవ్వాడు, నవ్వుతూ ఏడ్చాడు. వరహాలమ్మ పక్కనే చతికిలబడి వాడి వీపు నిమిరింది. నెల రోజుల బెంగ ఒక్కసారిగా వదిలి ఆమెకి ఒళ్లు తేలికైపోయింది.

"పదేళ్ల సంచులంటే తొంభై కిలోలు," అంది సుభాషిణి. "నౌకలోంచి ఇంకేదో తగ్గించాలి."

"మీ ఆఫీసుకి కొత్త కుర్చీలు వస్తన్నాయంట కదమ్మా."

"పాతవాటిలోనే కూర్చుంటాం లెండి," అంది సుభాషిణి.

తలుపులు ఒక్కటొక్కటే తెరుచుకోసాగాయి. ఇంతలో తూనిక మళ్లీ మాట్లాడింది. "వరహాలమ్మగారూ, ఒక సందేహం." తూనిక ఎవరినైనా గారూ అనడం ఆ గుమ్మటంలో అదే మొదలు. "నా దుమ్ముకన్నులు నూట పన్నెండున్నాయి. అన్నీ పైకప్పులకే ఉన్నాయి. వాటిని ఎక్కడ పెట్టాలి?"

"పని ఎక్కడవుతుంటే అక్కడ. పన్జేసేవోళ్ల ముక్కుకాడ."

ఆ మాట గోడల్లోంచి గుమ్మటమంతా వినపడినట్టుంది. ముందు వంటశాల నుంచి ఒక ఆడగొంతు, తాళింపు పొయ్యి దగ్గర తన మెడకొకటి తగిలించమంది. తరవాత తవ్వకం నుంచి, ఆ తరవాత బట్టలగది నుంచి. గొంతులు ఒకదాని మీద ఒకటి పడుతుంటే తూనిక అందరినీ వరస తప్పకుండా రాసుకోవడం మొదలుపెట్టింది.

వరహాలమ్మ మెడలోని కన్ను తీసి గురువులు మెడపట్టీకి తగిలించింది. గుడ్డ దులిపి నడుముకి దోపుకుని వంటశాల వైపు నడిచింది. అక్కడ పైకప్పు ఇంకో మీటరు ఎత్తు. పైనున్న కన్నుని ఒకసారి చూసి అంచనా వేసుకుని గెంతింది.